రిజిస్టరులో 'రాలేదు'

స్మారకోపన్యాసం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్



తార్నాకకు ఆ పేరెలా వచ్చిందో ఈ చుట్టుపక్కల పాతవాళ్లు ఒక మాట చెబుతారు. నిజాం కాలంలో ఇక్కడ మామిడితోట ఉండేదట. తోట చుట్టూ తీగ కంచె, కంచె దగ్గర కాపలా చౌకీ. ఉర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తోట పోయింది, కంచె పోయింది, పేరు మిగిలింది. ఆ చౌకీలో కూర్చున్న మనిషి వచ్చినవాళ్లను ఎందుకొచ్చావని అడిగి ఉంటాడు. మా వైద్య శిబిరాల్లో మేం అడిగేదీ అదే. రానివాళ్లు ఎందుకు రాలేదో మాత్రం అడగం. పేరు ఎదురుగా 'రాలేదు' అని రాసి రిజిస్టరు మూసేస్తాం.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆవిడను మనలో ఎవరమూ పేరుతో పిలవలేదు. సహోద్యోగులకూ మేడమే, హాస్టల్ మెస్సులో వడ్డించేవాళ్లకూ మేడమే. ఈ సాయంత్రం నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ చెప్పింది సమాజశాస్త్రం, నేను చదివింది వైద్యం. మా ఇద్దరినీ కలిపింది ఒక రిజిస్టరు.

అప్పుడు నేను కొత్త డాక్టర్ని. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో, వడ్డెర బస్తీ అంటే ఇంకా తొందరగా తెలుస్తుంది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టాం. ముప్పై దాటిన ఆడవాళ్ల పేర్లు మా కార్యకర్తలు ముందే ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చారు. టెంటు వేశాం, మైకులో చెప్పించాం, బిస్కెట్లు కూడా తెప్పించాం. ఒంటిగంటకు టెంటు విప్పేసరికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా పేర్ల ఎదురుగా వరసగా 'రాలేదు' అని రాసి, చివర రిమార్కుల గడిలో 'అవగాహన లోపం' అని రాశాను. అక్కడే ఉన్న మేడమ్ రిజిస్టరు తనవైపు తిప్పుకుని చదివారు. "అవగాహన లోపం అన్నావు. ఎవరికమ్మా?" అన్నారు. కోపం లేదు, ఎగతాళీ లేదు. ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని, నేను 'రాలేదు' అని రాసిన గుమ్మాలన్నీ ఎక్కించారు.

ఆ గుమ్మాల దగ్గరా, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పరీక్ష బల్ల దగ్గరా విన్న మాటలే ఈ ఉపన్యాసం.

ముందు జబ్బు సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. ఈ సంబంధాన్ని బయటపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. సంసారం చేసే ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసిన కొద్దిమందిలోనే కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు ముదిరి క్యాన్సర్ కావడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు తక్కువ. అయినా 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఇది కొత్తగా వచ్చింది. దాదాపు 80 వేలమంది చనిపోయారు. గంటకు తొమ్మిది మంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల ఆడవాళ్లను ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని అడిగారు. అవునన్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. మిగతా రాష్ట్రాల కన్నా బాగా ముందున్న తమిళనాడులో కూడా 9.8 శాతమే.

ప్రభుత్వాలు చేతులు కట్టుకు కూర్చున్నాయని నేననను. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కూడా దగ్గర్లోనే చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు తెరిచారు. 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో తెలంగాణలో 100 కేంద్రాల్లో మంగళవారాలను ఆడవాళ్ల పరీక్షలకే కేటాయించారు. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. భవనం ఉంది, మందు ఉంది, జీవో ఉంది. మనిషే రావడం లేదు. ఎందుకో తెలియాలంటే పరీక్ష గదిలోకి వెళ్లాలి.

ఆ గదిలో ఒక బల్ల, కిటికీకి అడ్డంగా కట్టిన పాత చీర, ఒక టార్చి లైటు ఉంటాయి. బల్ల మీద పడుకుని, లంగా పైకి జరిపి, కాళ్లు మడిచి ఎడంగా పెట్టాలి. బాతుముక్కు లాంటి స్టీలు పరికరం, స్పెక్యులమ్, లోపల పెట్టి ముఖద్వారం కనబడేలా తెరుస్తాం. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే నూడుల్స్ బండి మీద చల్లే వెనిగర్ లాంటిదాన్నే, దూదితో అద్దుతాం. ఒక్క నిమిషం ఆగుతాం. మార్పు మొదలైన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. దీన్ని వీఐఏ అంటారు. ల్యాబు అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చేయగలదు.

ఆ ఒక్క నిమిషం చాలా పొడుగు. నేను గడియారం చూస్తుంటాను, ఆవిడ పైన రేకుల వైపు చూస్తుంటుంది. ఆ మౌనం పట్టలేక ఏదో ఒకటి అంటుంది. అలా విన్నవాటిలో నాలుగు మాటలు ఈ రోజు మీ ముందు పెడతాను.

మొదటి మాట: "సంచి తీసెయ్యాల్నా మేడం?"

ఇది అవగాహన లేని మనిషి అడిగే ప్రశ్న కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఆగడం లేదనో, నడుము లాగేస్తోందనో వెళ్లినవాళ్లకు "పుండుంది, ఉంచితే క్యాన్సరవుతుంది, పిల్లలు పుట్టేశారు గదా" అని చెప్పి ఆపరేషన్ బల్ల ఎక్కించిన కథలు ప్రతి గల్లీలోనూ ఉన్నాయి. వాళ్లలో చాలామంది నలభై దాటనివాళ్లు. పెద్దమ్మకు జరిగింది, తోటికోడలికి జరిగింది. ఆ తర్వాత బరువెత్తలేక కూలి మానుకున్నదీ, ఆపరేషన్ అప్పు మిత్తితో సహా కట్టిందీ ఈవిడ కళ్లారా చూసింది. అలాంటి మనిషికి క్యాన్సర్ అనే మాట ఎక్కడికి తీసుకెళ్తుందో బాగా తెలుసు. పరీక్షకు పోతే సంచి పోతుంది. అందుకే ఆవిడలాంటివాళ్లు రాలేదు.

ఆవిడకు తెలియనిదల్లా మేం చెప్పనిది. మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ కాదు. తొలిదశ మార్పునైతే చాలామందిలో గడ్డకట్టించో, వేడి తగిలించో నిమిషాల్లో తొలగించవచ్చు. సంచికి ఏమీ కాదు, అదే రోజు నడిచి ఇంటికి పోవచ్చు. మా మైకు మాత్రం పొద్దున్నుంచీ "క్యాన్సర్ మహమ్మారి, క్యాన్సర్ మహమ్మారి" అని అరిచింది. మచ్చ ఉంటే ఏం చేస్తామో ఒక్కసారీ చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీవాదులు ఆడవాళ్ల ఆరోగ్యం గురించి తెచ్చిన పుస్తకానికి 'సవాలక్ష సందేహాలు' అని పేరు పెట్టారు. మేడమ్ అది నా చేతిలో పెట్టి, సందేహం వచ్చిన మనిషి ఆలోచిస్తున్న మనిషి, అక్కణ్నుంచి మొదలుపెట్టు అన్నారు.

రెండో మాట: "జర జల్దీ కానియ్యుండ్రి, ఇంకో ఇంట్ల పని ఉంది."

తార్నాక వీధుల్లో, హబ్సిగూడ అపార్టుమెంట్లలో అంట్లు తోమేదీ, మన క్యాంపస్ వరండాలు ఊడ్చేదీ ఈ బస్తీల ఆడవాళ్లే. తెల్లారి ఆరింటికి మొదటి ఇల్లు, మధ్యాహ్నం రెండింటికి ఆఖరి ఇల్లు. మా శిబిరం వేళ పది నుంచి ఒంటిగంట. ఆ వేళ ఎవరికి వీలుగా పెట్టాం? మాకు వీలుగా. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మంచి పని. టికెట్టు డబ్బులు మిగిలాయి గాని పూట కూలి ఎప్పటిలాగే పోతోంది. అదీ ఒక్క పూటతో పోదు. పరీక్షకు ఒకరోజు రమ్మంటాం, రిపోర్టుకు ఇంకోరోజు, పెద్దాసుపత్రిలో చూపించడానికి మరోరోజు. జబ్బు చేసిన మనిషి ఎలాగో ఓర్చుకుని తిరుగుతుంది. ఒంట్లో ఏ నొప్పీ లేని మనిషిని మూడు పూటల కూలి వదులుకోమనడానికి మన దగ్గర ఉన్న కారణం ఏమిటి? పదిహేనేళ్ల తర్వాత రాబోయే జబ్బు. రేపటి బియ్యం ముందు ఆ కారణం తేలిపోతుంది. క్యాన్సర్ వచ్చాక చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు పెంచింది. రాకముందు పోయే ఆ పూట కూలికి మాత్రం ఏ పథకంలోనూ పద్దు లేదు.

మూడో మాట: "మా ఇంటాయనకు చెప్పకుండ్రి."

ఈ వైరస్ సంసారం వల్ల సోకుతుందని చెప్పాలి, అది నిజం. ఎలా చెబుతున్నామన్నదే చిక్కు. సగం విన్న మొగుడు "ఏం చేసినవని నీకొస్తది?" అంటాడు. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో అతని వల్లే సోకి ఉండొచ్చన్న మిగతా సగం వినేలోపే ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి. మొగుడు పోయినవాళ్లూ, వదిలేసినవాళ్లూ "ఆయన పోయి పదేండ్లాయె, నాకెందుకు" అంటారు. వచ్చి పరీక్ష చేయించుకుంటే జనం ఏమనుకుంటారోనని ఆ మాట చాటున దాక్కుంటారు. నిజానికి వైరస్ వచ్చి పదిహేనేళ్లయినవాళ్లనే మేం ముందు చూడాలి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను నడిపిన ఒక శిబిరంలో, మచ్చ కనబడినవాళ్లను విడిగా కూర్చోబెట్టమని ఒక కుర్ర కార్యకర్తకు చెప్పాను. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి "పాజిటివ్ వచ్చినవాళ్లు ఇటు రండి" అని కేకేసింది. లేచింది ముగ్గురు. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసిపోయింది. వాళ్లలో ఒకావిడకు అత్తగారు ఆ రాత్రే మంచినీళ్ల గ్లాసు వేరు పెట్టింది. గ్లాసు వల్ల అంటే జబ్బు కాదని నేను వెళ్లి చెప్పాను. అత్తగారు మర్యాదగానే విన్నది, టీ కూడా ఇచ్చింది. గ్లాసు మాత్రం గూట్లో విడిగానే ఉంది. ఆ గల్లీలో ఆ తర్వాత ఏడాది దాకా మా టెంటులోకి ఒక్కరు రాలేదు. కేక వేసింది ఆ అమ్మాయే అయినా, వేయకూడదని నేర్పనిది నేను.

నాలుగో మాట: "సంతకం దేనికి?"

దీనికి జవాబు చెప్పాలంటే ఖమ్మం వెళ్లాలి. 2009 జులైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. దాదాపు 14 వేలమంది పిల్లలు. చాలామంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొన్నాళ్లకు కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త బయటికొచ్చింది. మహిళా సంఘాలు వెళ్లి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి కనబడలేదు. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారని తేలింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదేనని ఒక డాక్టరుగా నేను నమ్ముతాను. అందుకే ఖమ్మంలో జరిగింది నన్ను ఎక్కువ బాధిస్తుంది. మంచి మందుకు దొంగ సంతకం అక్కర్లేదు. కన్నవాళ్లను అడగకుండా వేసిన సూది చేతి మీద మానిపోయింది గాని ఊరి మనసులో మానలేదు. ఏళ్ల తర్వాత, ఖమ్మం నుంచి బతకడానికొచ్చి లాలాపేటలో ఉంటున్న ఒకావిడ నా ముందు కాగితం పట్టుకుని సంతకం దేనికని అడిగిందంటే, అది మనం నేర్పిన పాఠమే.

సంతకం లేని కథ ఇంకొకటి మన పొరుగునే ఉంది. జీవకణాల మీద పనిచేసే ప్రయోగశాలలన్నిటికీ తెలిసినవి హీలా కణాలు. హబ్సిగూడ సీసీఎంబీలో పరిశోధించే పిల్లలకు ఆ పేరు మంచినీళ్ల ప్రాయం. అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి పేద స్త్రీకి ఇదే క్యాన్సర్ వచ్చింది. 1951లో ఆసుపత్రిలో ఆవిడను అడగకుండానే కొంచెం కణజాలం తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆవిడ చనిపోయింది, కణాలు మాత్రం ఇప్పటికీ పెరుగుతున్నాయి. తర్వాత వాటిలో హెచ్‌పీవీ 18వ రకం కనబడింది. ఈ జబ్బు గురించి మనకు తెలిసినదాంట్లో కొంత, అనుమతి అడగని ఒక పేదరాలి దేహం నుంచి వచ్చిందన్నమాట. బస్తీ ఆడవాళ్లకు ఈ కథ తెలియదు. అయినా సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతున్నారు.

మరి దారి లేదా అంటే, మన దేశమే చూపించింది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి నడిపిన అధ్యయనంలో సుమారు లక్షా యాభై వేలమంది ఆడవాళ్లున్నారు. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి కొన్ని వారాల శిక్షణ పొందిన మహిళలు. రెండేళ్లకోసారి వెనిగర్ పరీక్ష చేస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోనే అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో ఒకేఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. ఈ అధ్యయనాల్లో పోలిక కోసం పరీక్ష చేయకుండా ఉంచిన ఆడవాళ్ల విషయంలో అది న్యాయమేనా అని గట్టి విమర్శలు వచ్చాయి. రావాల్సిందే. ఆ ఆడవాళ్ల ప్రాణాలతో తెలుసుకున్నదాన్ని ఇంకా అమలు చేయకపోవడం దానికి మించిన అన్యాయం.

ఇప్పుడు హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఆడవాళ్లు తమంతట తామే తీసుకోవచ్చు. పుల్లకు చుట్టిన దూదితో, తలుపు వేసుకుని, తన ఇంట్లోనే, పని ముగించుకున్న రాత్రి పూట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీన్ని ఆమోదించింది. 2030 నాటికి 35 ఏళ్లలోపు ఒకసారి, 45 లోపు మరోసారి నూటికి డెబ్బైమంది ఆడవాళ్లకు పరీక్ష జరగాలన్నది ఆ సంస్థ పెట్టిన లక్ష్యం. బల్ల, టార్చి, కేకలు, పది నుంచి ఒంటిగంట వేళ, ఇవన్నీ ఆ చిన్న పుల్లతో చాలావరకు పోతాయి. కానీ పుల్ల చేతికిచ్చి, ఫలితం చెప్పి, మచ్చ ఉంటే చికిత్స అయ్యేదాకా వెంట ఉండే మనిషి లేకపోతే అదీ ఇంకో కాగితమే అవుతుంది. చికిత్స సిద్ధంగా లేకుండా పరీక్ష చేయడమంటే భయాన్ని పంచి రావడమే.

ఈ విశ్వవిద్యాలయాన్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. హాస్టల్ మెస్సుల్లో, పారిశుద్ధ్యంలో, తోటల్లో కాంట్రాక్టు మీద పనిచేసే ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ ఏడాదికి ఒక పూట జీతంతో కూడిన సెలవు ఇవ్వండి. ఆ పూట క్యాంపస్‌లోనే పరీక్ష చేయించండి. మేడమ్ పేరున ఉన్న నిధి వడ్డీ దీనికి సరిపోకపోతే, వచ్చే ఏడాది ఈ దండలూ శాలువాలూ మానేద్దాం.

చివరగా, ఆ ఆదివారం సంగతి ఒకటి దాచాను. మేడమ్ ఎక్కించిన గుమ్మాల్లో ఒకదాని తలుపు తీసిన మనిషిని చూసి నేను నిలబడిపోయాను. ఆవిడ మా ఇంట్లో పనిచేసేది. రిజిస్టరులో ఆ పేరు నా నోటితోనే చదివి, నా చేత్తోనే 'రాలేదు' అని రాశాను. అది ఆవిడ పేరని నాకు తెలియదు. మా ఇంట్లో అందరం పనామె అనే అనేవాళ్లం. "ఎందుకు రాలేదమ్మా?" అని మేడమ్ అడిగితే, ఆవిడ నావైపు చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు నవ్వి, "ఆ పొద్దు వీళ్లింట్ల చుట్టాలొచ్చిండ్రు" అంది.

ఇంటికెళ్లి వంటింటి గోడ మీది క్యాలెండరు చూశాను. పనామె మానేసిన తేదీలకు మా అమ్మ పెన్నుతో సున్నా చుట్టేది, నెలాఖర్లో లెక్కకోసం. శిబిరం జరిగిన తేదీకి సున్నా లేదు. నా రిజిస్టరులో రాని మనిషి మా క్యాలెండరులో వచ్చింది.

మీ ఇళ్లల్లోనూ అలాంటి క్యాలెండర్లు ఉంటాయి. ఇంటికెళ్లాక, వచ్చే నెలలో ఏదో ఒక మంగళవారానికి మీరే ముందుగా సున్నా చుట్టండి. ఆ పూట మీ గిన్నెలు మీరు తోముకోండి, జీతం కోయకండి. ముందు ఆవిడ పేరు అడిగి తెలుసుకోండి.